మందు మాన్పించే మందు: పొట్లమా, ఆయుర్వేదమా, ఆసుపత్రా, మాలా?

తాగుడు మాన్పించాలని ఇంట్లో వాళ్లు గట్టిగా అనుకున్న రోజున మొదట చెవిన పడే మాట ఇదే: "పలానా ఊర్లో ఆకుమందు ఇస్తారంట. ఒక్కసారి పోస్తే మళ్లీ ఆ వాసన కూడా పడదంట." మా ఇంట్లోనూ అట్లాగే మొదలైంది. మా అన్నకు మందు మాన్పించడానికి ఆరేళ్లలో పొట్లం, ఆయుర్వేదం, పెద్దాసుపత్రి, తాగుడు మాన్పించే డీఅడిక్షన్ సెంటర్, దేవుడి దీక్ష మాల అన్నీ చూశాం. అనంతపురం, కర్నూలు, కడప వైపు ఇప్పుడు ఇదే దారిలో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఏది ముందో ఏది వెనకో తేల్చుకోలేక నలిగిపోతున్న ఆడవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆరేళ్లకు నాకు అర్థమైంది ఒక్కటే. చెట్టుమందా, ఇంగ్లీషు మందా అన్నది రెండో ప్రశ్న. ఒక పూట తాగకపోతే ఆ మనిషి ఒళ్లు ఏమవుతుంది అన్నది మొదటి ప్రశ్న. మేము రెండోదాని గురించి ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాం, మొదటిది అడగనే లేదు.

ముందు పొద్దున పూట గమనించండి

లేవగానే చేతులు వణుకుతున్నాయా? టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడా? పళ్లు తోముకోకముందే కొంచెం పడితే గానీ నిలబడలేకపోతున్నాడా? ఎప్పుడైనా రెండు రోజులు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనబడుతున్నాయని అన్నాడా? వీటిలో ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా ఇంట్లో పెట్టుకొని మాన్పించే పని వద్దు.

ఎందుకో చెప్తాను. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగితే మెదడు దానికి ఎదురీదడానికి తన వేగం పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మద్యం ఆపేస్తే ఆ పెరిగిన వేగాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ఆఖరి గ్లాసు తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటలకు వణుకు, చెమట, దడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి 48 గంటల్లో. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. జ్వరం వస్తుంది, మనుషుల్ని గుర్తు పట్టరు, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు. డాక్టర్లు దీన్ని డెలిరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. "మానేశాడు, అందుకే దయ్యం పట్టింది" అని మన ఊళ్లలో అనుకునేది చాలాసార్లు ఇదే.

పొద్దున వణుకు లేదు, వారానికి రెండు మూడు సార్లు స్నేహితులతో తాగుతాడు, తాగిన రోజు గొడవ చేస్తాడు, అంతేనా? అయితే మీ చేతిలో సమయం ఉంది. కింద చెప్పేవాటిలో ఏదైనా నిదానంగా ఎంచుకోవచ్చు, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి: తెలియకుండా కలిపే పొట్లం

సంతల్లో, కొండదారుల్లో, గుడి దగ్గర వేర్లు పరిచి అమ్మేవాళ్లు కొందరు ఇస్తారు. ఈమధ్య ఫోన్‌లో ప్రకటన చూసి తెప్పించుకునేవాళ్లే ఎక్కువ. అందరూ చెప్పేది ఒకటే: రుచి ఉండదు, వాసన ఉండదు, పప్పులోనో మజ్జిగలోనో కలిపేయండి, ఆయనకు తెలియాల్సిన పనే లేదు.

మా వదిన అట్లాగే మజ్జిగలో కలిపింది. నేనే సలహా ఇచ్చాను, ఆ తప్పు నాది కూడా. "ఆకుపొడే గదా వదినా, ఏమైతాది" అన్నాను. నాలుగో రోజు సాయంత్రం అన్న ఎప్పటిలాగే తాగొచ్చాడు. పావుగంటలో ముఖం కందగడ్డ అయింది. గుండె దడదడ కొట్టుకుంటోందన్నాడు, ఆగకుండా వాంతులు, కళ్లు తిరిగి పడిపోయాడు. గుండెపోటే అనుకున్నాం. ఆసుపత్రిలో డాక్టర్ "ఏం తిన్నాడు, ఏం మందులు వాడుతున్నాడు" అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే వదిన నోరు విప్పలేదు. భర్తకు తెలిస్తే చంపుతాడని భయం. చివరికి కొంగుముడి నుంచి పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

ఆ లక్షణాలు చూసి డాక్టర్ అనుమానించింది డైసల్ఫిరామ్. అది ఆకూ కాదు, వేరూ కాదు. 1940లలో డెన్మార్క్‌లో ఇద్దరు పరిశోధకులు దాని పనితీరు గమనించిన తర్వాత తాగుడు మాన్పించే మాత్రగా వాడుకలోకి వచ్చిన రసాయనం. మద్యం ఒంట్లో ముందు అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది, తర్వాత అది కూడా విరిగిపోతుంది. ఈ రెండో మెట్టును డైసల్ఫిరామ్ ఆపేస్తుంది. విషం పేరుకుంటుంది. ముఖం ఎర్రబడటం, వాంతులు, దడ, బీపీ పడిపోవడం అన్నీ దానివల్లే. మాత్ర ఆపేసిన రెండు వారాల వరకు కూడా ఈ ప్రమాదం ఉంటుంది. అందుకే దీన్ని రాసే డాక్టర్ ముందు లివర్, గుండె పరీక్షలు చేయిస్తాడు, రోగికి విడమరచి చెప్తాడు, ఒప్పుకుంటేనే ఇస్తాడు. తెలిసి వేసుకున్నవాడు భయంతో గ్లాసు ముట్టడు. మాత్ర బలం ఆ భయంలోనే ఉంది. తెలియనివాడు తాగేస్తాడు, ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

పొట్లంలో నిజంగా ఆకే ఉన్నా ధైర్యం పడటానికి లేదు. ఉమ్మెత్త లాంటివి వాడేవాళ్లున్నారు. ఉమ్మెత్త గింజలు నోరు ఎండగట్టి, గుండె వేగం పెంచి, మతి తప్పిస్తాయి. మన దేశంలో మందుల చట్టం కింద ఆయుర్వేదంలో వాడే విషద్రవ్యాల జాబితా ఒకటి ఉంది, ఉమ్మెత్త అందులోనే ఉంది. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద హెచ్చరిక ముద్రించాలి. పేపర్ పొట్లం మీద ఏ హెచ్చరిక ఉంటుంది?

ఇంకొక నష్టం కూడా ఉంది. మేము కలిపామని తెలిసినప్పటి నుంచి అన్న ఏడాది పాటు ఇంట్లో మజ్జిగ తాగలేదు. వదిన వడ్డించిన ఏ అన్నాన్నైనా ముందు వాసన చూసేవాడు. మాన్పించాలంటే ఎవరి మీద నమ్మకం ఉండాలో ఆ మనిషి మీదే అది పోయింది.

ఆయుర్వేదం: పొట్లంతో కలిపి చూడకండి

ఇక్కడ చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. బీఏఎంఎస్ అనే ఆయుర్వేద డిగ్రీ చదివిన వైద్యుడి దగ్గరికి వెళ్లడం వేరు. తాగుడు గురించి ఆయుర్వేదానికి చాలా పాత చూపు ఉంది. చరక సంహిత చికిత్సాస్థానంలో 24వ అధ్యాయం మొత్తం మదాత్యయం గురించే, అంటే మద్యం వల్ల వచ్చే జబ్బుల గురించే. అదే గ్రంథం సూత్రస్థానంలో చెడు అలవాటును ఒక్కసారిగా తెంచొద్దని, పావు వంతు చొప్పున తగ్గిస్తూ ఆ చోట మంచి అలవాటు నింపుతూ పోవాలని ఉంది. దీన్ని పాదాంశిక క్రమం అంటారు. ఉన్నట్టుండి ఆపితే ముప్పని అంత పాతకాలంలోనే గమనించారంటే నాకు గౌరవం కలుగుతుంది. ఈనాటి ఆసుపత్రిలో మాత్రలిచ్చి మోతాదు రోజురోజుకూ తగ్గించేది కూడా అదే సూత్రం మీద.

అయితే ఇవాళ మనం తేల్చుకోవాల్సిన విషయంలో ఆయుర్వేదం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు? వణుకు, ఫిట్స్ దశలో రాదు. ఆ మూడు నాలుగు రోజులు మెదడును కాపాడే మందు అశ్వగంధ కాదు. తర్వాత నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, చిరాకు, నీరసం ఉంటాయి చూడండి, అక్కడ మంచి వైద్యుడు తోడ్పడతాడు. మా అన్నకు ఆ నెలల్లో ఆయుర్వేద వైద్యుడు చెప్పిన తిండి పద్ధతి, నూనె మర్దన, నిద్రవేళలు నిజంగా పనిచేశాయి. తాగుడు మాన్పించడంలో ఫలానా మూలిక పనిచేస్తుందని మనుషుల మీద గట్టిగా చేసిన పెద్ద పరీక్షలు మాత్రం దాదాపు లేవు. నిజాయతీ ఉన్న వైద్యుడు ఆ మాట తనే చెప్తాడు. మాకు చెప్పాడు.

రెండు జాగ్రత్తలు మాత్రం గుర్తు పెట్టుకోవాలి. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసే మందులు. వాటిలో సహజంగా పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద కూడా రాసి ఉంటుంది. మందు మానినవాడికి బలానికని ద్రాక్షారిష్టం, అశ్వగంధారిష్టం పోయడమంటే చేజేతులా మళ్లీ రుచి చూపించడమే. డైసల్ఫిరామ్ మాత్ర మీద ఉన్నవాడికైతే అదే ప్రమాదం ముంచుకొస్తుంది. వైద్యుడి దగ్గర కూర్చోగానే "ఈయన తాగుడు మానుతున్నాడు, ఈ మాత్రలు వాడుతున్నాడు" అని చెప్తే చూర్ణమో మాత్రో రాస్తారు.

రెండోది లివర్. తాగేవాడి లివర్ అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. కరోనా కాలంలో తిప్పతీగ ఇంటింటా వాడారు కదా, 2021లో ముంబై డాక్టర్లు దాన్ని వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణతో ఏకీభవించలేదు. అశ్వగంధ వాడినవాళ్లలోనూ అట్లాంటి కేసులు కొన్ని బయటపడ్డాయి. అందరికీ అట్లా అవుతుందని కాదు. అయినా తాగుబోతు లివర్‌కు ఏ మూలిక ఇచ్చినా ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష చేయించండి.

కళ్లు పచ్చబడినప్పుడు పసరు పోయించడం మన వైపు బాగా అలవాటు. నేల ఉసిరి పసరు తాగితే కామెర్లు తగ్గుతాయని నమ్మకం. కొన్ని రకాల కామెర్లు వాటంతట అవే తగ్గిపోతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. తాగేవాడి కామెర్లు ఆ రకం కాదు. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి ఉంటే పసరు కోసం ఊర్లు తిరిగే ప్రతి రోజూ నష్టమే. రక్తపు వాంతి అయితే ఆ గంటే ఆసుపత్రికి పోవాలి.

పెద్దాసుపత్రి

అనంతపురంలో, కర్నూలులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని అందరూ పెద్దాసుపత్రి అనే అంటారు, కడపలో రిమ్స్. మూడూ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రులు, సైకియాట్రీ, అంటే మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఓపీ చీటీ తీసుకొని "మద్యం మాన్పించాలి, పొద్దున వణుకు ఉంది" అని సూటిగా చెప్పండి. సిగ్గుపడి "కడుపునొప్పి" అని చెప్తే వేరే వార్డుకు పంపుతారు. అక్కడ మద్యం ఆగిన రెండో రోజు రాత్రికి మనవాడు మంచం దిగి పరుగెడతాడు.

మాకు అదే జరిగింది. పొట్లం వల్ల చేర్చిన రాత్రి గడవగానే, బాగయ్యాడని, డాక్టర్ వద్దంటున్నా సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం. భయపడి అన్న మందు ముట్టలేదు. మేము మురిసిపోయాం. మూడో రాత్రి దుప్పటి మీద లేని చీమల్ని ఏరడం మొదలుపెట్టాడు. నన్ను పేరు పెట్టి పిలవలేకపోయాడు. మళ్లీ అదే ఆటో, అదే ఆసుపత్రి. ఈసారి తొమ్మిది రోజులున్నాం.

లోపల చేసేది మాయేమీ కాదు. క్లోర్‌డయాజిపాక్సైడ్, డయాజిపామ్, లోరాజిపామ్ లాంటి మాత్రలు ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి రోజుకింత తగ్గిస్తారు. థయమిన్ అంటే బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. దీని గురించి ఒక మాట అందరికీ తెలియాలి. ఊర్లో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోతే నీరసమని ముందు గ్లూకోస్ బాటిల్ పెడతాడు. ఏళ్లుగా తాగినవాడి ఒంట్లో బి1 నిల్వలు అంతంతమాత్రంగానే ఉంటాయి. థయమిన్ లేకుండా గ్లూకోస్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ముప్పు ఉంది, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. "బి1 ఇంజెక్షన్ ఇచ్చారా సార్" అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఆ తర్వాత నెలల తరబడి వాడే మాత్రలు వేరు. తాగాలన్న యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, లివర్ బాగా పాడైనవాళ్లకు బాక్లోఫెన్. ఏది ఎవరికన్నది డాక్టర్ పని. ఆకుమందు మీద నమ్మకం ఉన్నవాళ్లకు నేను తప్పకుండా చెప్పేది ఒకటుంది. నాల్ట్రెక్సోన్ తయారీకి మూలం నల్లమందు మొక్కలో దొరికే తెబైన్. చెట్టు వద్దని ఎవరూ అనడం లేదు. ఎంత మోతాదు, ఎవరికి కూడదు, ఏం ప్రమాదం అన్నది తేల్చిన తర్వాతే మనిషికి ఇవ్వాలి, అంతే తేడా.

ప్రభుత్వ ఆసుపత్రిలో లోటు కూడా చెప్పాలి. వణుకు తగ్గేదాకా బాగా చూస్తారు, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడే సమయం వాళ్లకు చాలదు. ఓపీలో జనం అంత. కౌన్సెలింగ్ కోసం మీరే పట్టుబట్టి అడగాలి. స్తోమత ఉన్నవాళ్లు, రెండు మూడు సార్లు విఫలమైనవాళ్లు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్తారు. వ్యసనాలకు అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. అనంతపురం నుంచి ఉదయం బయలుదేరితే మధ్యాహ్నానికి చేరుకోవచ్చు.

ప్రైవేటు సెంటర్లు

మంచివి ఉన్నాయి, జైళ్లలాంటివీ ఉన్నాయి. చేర్చేముందు మూడు చూడండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం, సైకియాట్రిస్ట్ ఏయే రోజుల్లో వస్తాడన్నది, మీరు కోరినప్పుడు మనిషిని చూడనిస్తారా అన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి, రోగిని గొలుసులతో కట్టేయడం నిషేధం. మేము డబ్బు కట్టిన ఒక చోట మూడు వారాలు ఫోన్ కూడా మాట్లాడనివ్వలేదు. అన్న బయటికొచ్చి అదే సాయంత్రం తాగాడు.

మాల, ఒట్టు

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగస్వామి గుడికి మందు మానాలని మాల వేసుకోవడానికి జనం వస్తారు. ఏకాదశి రోజున అక్కడ నిలబడి చూస్తే, ఇంతమంది మగవాళ్లు తమంతట తాము మానాలని వరుసలో నిలబడ్డారా అని గుండె బరువెక్కుతుంది. అయ్యప్ప మాలలో నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివాళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. దర్గాలో ఒట్టు పెట్టుకొని నిలబడినవాళ్లున్నారు.

దీన్ని మూఢనమ్మకమని నేను కొట్టిపారేయను. మాల మెడలో ఉంటే స్నేహితుడు గ్లాసు చాపడు, బెల్టు షాపువాడు పిలవడు, ఇంట్లో "స్వామీ" అని గౌరవంగా పిలుస్తారు. ఏళ్లుగా తిట్లు తిన్న మనిషికి ఆ పిలుపు చాలా పెద్దది. ఏ మాత్రా ఇవ్వలేనిది ఇది.

కానీ పొద్దున వణుకు ఉన్నవాడు మాల వేసుకుంటే ఆ రోజు నుంచే మందు ఆగిపోతుంది. రెండో రోజు, మూడో రోజు ఏమవుతుందో పైన చెప్పాను. అందుకే ముందు ఆసుపత్రిలో వారం పది రోజులు, ఆ తర్వాత మాల. మా అన్న ఆ వరుసలోనే వేసుకున్నాడు. మాల తీసేసిన రోజు ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి, ఎందుకంటే చాలామంది జారేది ఆ సాయంత్రమే. మేము ఆ రోజుకే ఓపీ పెట్టించుకున్నాం.

ఫోన్‌లో కనబడే విదేశీ మొక్కలు

మా అన్న కొడుకు బెంగళూరులో చదువుతాడు. వాడు పంపిన వీడియోల్లో అమెజాన్ అడవుల అయహువాస్కా అనే మొక్కల కషాయం ఉంది, ఆఫ్రికా గాబన్ దేశపు ఇబోగా అనే మొక్క ఉంది. అబద్ధాలేమీ కావు. పెరూలో తారపోతో పట్టణంలో ఒక ఫ్రెంచి డాక్టర్ 1992లో స్థాపించిన తాకివాసి అనే కేంద్రం అక్కడి ఆదివాసీ వైద్యాన్ని, మానసిక చికిత్సను కలిపి మత్తుకు బానిసైనవాళ్లకు చికిత్స చేస్తోంది. గాబన్‌లో బ్విటి సంప్రదాయం వాళ్లు ఇబోగా వేరు బెరడును పూజల్లో వాడతారు. 1962లో హోవర్డ్ లాట్సాఫ్ అనే అమెరికన్ యువకుడు దాని సారమైన ఇబోగైన్ తీసుకున్నాక తనకు హెరాయిన్ యావ పోయిందని చెప్పడంతో పరిశోధనలు మొదలయ్యాయి.

కానీ అక్కడ అది ఒక జాతి ఆచారం. గురువు ఉంటాడు, పథ్యం ఉంటుంది, రోజుల తరబడి కాపలా ఉంటుంది. వాటన్నిటి నుంచి విడదీసి పొడిగా తెప్పించుకుంటే మిగిలేది ప్రమాదమే. ఇబోగైన్ గుండె లయను చెడగొడుతుంది, దానివల్ల మరణాలు నమోదయ్యాయి. అయహువాస్కా డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ప్రాణాంతకం కావచ్చు, అందులోని డీఎంటీ అనే మత్తు రసాయనం మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద నిషేధం. వీటిని అనంతపురంలో ఇస్తామనేవాడు ఎవడైనా కనబడితే దూరంగా ఉండండి.

పరీక్షలకు నిలబడి మాన్పించే మందుగా ఎదిగిన మొక్క కావాలంటే సైటిసిన్ గురించి తెలుసుకోవాలి. లాబర్నమ్ చెట్టు గింజల నుంచి తీస్తారు. బల్గేరియాలో 1960ల నుంచి సిగరెట్ మాన్పించడానికి వాడుతున్నారు, తర్వాతి కాలపు పెద్ద పరీక్షల్లోనూ పనిచేస్తుందని తేలింది. అది పొగాకుకే, మద్యానికి కాదు.

ఎవరికి ఏది

వణుకు ఉంటే, ఫిట్స్ చరిత్ర ఉంటే, కామెర్లు ఉంటే ఆసుపత్రి, అందులో చర్చ లేదు. వణుకు లేనివాడు మానతానని తానే అంటుంటే ఓపీలో మాత్రలు, కౌన్సెలింగ్, దానితో పాటు మాలో ఒట్టో ఆయనకు నచ్చింది. ఆసుపత్రి దాటొచ్చి నిద్ర, ఆకలి కుదరనివాడికి ఆయుర్వేద వైద్యుడు, లివర్ పరీక్ష చేతిలో పెట్టుకొని. "నాకేం రోగం, నేను మానను" అనేవాడికి ఏ మందూ లేదు. అప్పుడు ఇంట్లోవాళ్లే ముందు సలహా తీసుకోవాలి. 14446 మత్తు వ్యసనాల జాతీయ హెల్ప్‌లైన్, 14416 టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రెండూ ఉచితం. తాగేవాడే మాట్లాడాలని లేదు, భార్య చేసినా, అమ్మ చేసినా వింటారు.

మా అన్న మధ్యలో ఒకసారి జారాడు, ఉగాది నాడు. అదే వారం వదినే ఓపీకి తీసుకుపోయింది. ఈసారి దాచిందేమీ లేదు, ఆయన ముందే అన్నీ చెప్పింది.

ఇది చదివేసరికే మీరు పొట్లం కలిపి ఉంటే, ఇవాళే ఆపేయండి. ఆయనకు చెప్పండి. చెప్పే ధైర్యం చాలకపోతే డాక్టర్‌కైనా చెప్పండి. రెండు వారాల పాటు ఆయన తాగకుండా చూడటం అవసరం. పొద్దున వణుకు ఉన్నవాడైతే మాత్రం ఇంట్లో అట్లా ఆపకూడదు కాబట్టి నేరుగా ఆసుపత్రికే. మిగిలిన పొడిని భయపడి కాలువలో పారేయకండి. కాగితంతో సహా తీసుకెళ్లి డ్యూటీ డాక్టర్‌కు చూపించండి.